రసీదు ఇచ్చినంత మాత్రాన...

క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసింది. సీట్ల బేరాలు మాత్రం ఆగలేదు. 2014లో పీజీ మెడికల్ ప్రవేశ పరీక్ష, 2016లో తెలంగాణ ఎంసెట్-2 ప్రశ్నపత్రం లీకై రద్దయ్యాయి. లక్షలు పోసి కొన్నది కొందరు. మళ్లీ పరీక్ష రాసింది వేలమంది.

దొడ్డిదారి దొంగల సంగతి అది. మరి రాచబాట మాటేమిటి? విజయనగరంలో 2023లో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. కన్వీనర్ కోటాకు ఏటా రూ.15 వేలు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు రూ.12 లక్షలు, ఎన్ఆర్ఐ కోటాకు రూ.20 లక్షలని నాటి ప్రభుత్వం జీవో ఇచ్చింది. రసీదు ఇస్తారు గనుక లంచం అనలేం. కానీ పొరుగు జిల్లాలోని ఉద్దానంలో జీడిపిక్కలు ఒలిచి బతికే తల్లికి ఆ తేడా ఎలా చెబుతాం? కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డ ఆ పల్లెలకు డాక్టర్లు కావాలి. అక్కడి పిల్లలే డాక్టర్లయితే ఇంకా మంచిది. వారి కన్నా తక్కువ ర్యాంకు వచ్చినవాడు డబ్బు కట్టి ముందు వరుసలో నిలబడితే అది అన్యాయమే, జీవో ఉన్నా సరే.

పేపర్లు అమ్మినవారిని శిక్షించడంతోపాటు సర్కారు కాలేజీలో సీటుకు ధర కట్టే పద్ధతినీ ప్రభుత్వం రద్దు చేయాలి.