తాకట్టు బంగారం

మన ఇళ్లలో నగ తాకట్టు పెట్టడం చప్పుడు లేకుండా జరిగిపోతుంది. ఆమె మెడలోంచి గొలుసు తీసి రుమాల్లో చుట్టి ఇస్తుంది. ఆయన చొక్కా లోపలి జేబులో పెట్టుకుని బయల్దేరతాడు. పంట చేతికొచ్చాక విడిపించుకుందామని ఒకరికొకరు చెప్పుకుంటారు. 1991 జూలైలో దేశమంతటికీ ఆ పరిస్థితే వచ్చింది. రెండు మూడు వారాల దిగుమతులకు మించి డాలర్లు లేవు. రిజర్వు బ్యాంకు దగ్గరున్న 47 టన్నుల బంగారం విమానాల్లో లండన్‌కు వెళితే, సుమారు 40 కోట్ల డాలర్ల అప్పు పుట్టింది. బొంబాయిలో విమానాశ్రయానికి బంగారం తీసుకెళ్తున్న వాహనం టైరు దారిలో పేలి, కాపలావాళ్లు హడలిపోయారట. ఆనాడు ఆర్థికశాఖలో పనిచేసిన యాగా వేణుగోపాల్‌రెడ్డి తర్వాత చెప్పిన సంగతి ఇది.

మన్మోహన్‌సింగ్ ఆర్థికమంత్రి అయి అప్పటికి నెల కూడా కాలేదు. విభజనలో సొంతూరు గాహ్ పాకిస్తాన్‌కు పోగా అమృత్‌సర్ చేరిన కుటుంబం ఆయనది. కేంబ్రిడ్జిలో, ఆక్స్‌ఫర్డులో చదివారు. ఢిల్లీలో పాఠాలు చెప్పారు. ప్రధాన ఆర్థిక సలహాదారుగా, రిజర్వు బ్యాంకు గవర్నరుగా, ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడిగా పనిచేశారు. మన ఎగుమతులు ఇంతేనన్న నిరాశ తగదని యువకుడిగా ఉన్నప్పుడే పరిశోధన చేసి వాదించిన మనిషి. అన్నేళ్లు ఫైళ్లలో ఆయన రాసిన సలహాల మీద చివరి సంతకం మరొకరిది. ఇప్పుడు ఆయనదే.

జూలై 1న రూపాయి విలువను కొంత తగ్గించారు. ఇంకొంత 3న తగ్గించాలి. ఈలోగా చుట్టూ రేగిన గొడవకు ప్రధాని పీవీ నరసింహారావు మనసు వెనకాడింది, రెండోది ఆపమన్నారు. మన్మోహన్ రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు రంగరాజన్‌కు ఫోను చేశారు. అప్పటికే ప్రకటన వెళ్లిపోయింది.

మా మనసు మాత్రం ఎరువుల దగ్గరే ఆగుతుంది. జూలై 24 బడ్జెట్లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. అప్పటిదాకా 117 రూపాయల యాభై పైసలున్న యూరియా బస్తా 165 అయింది. రాయితీ భారం ఏటేటా పెరుగుతోందన్న లెక్కలో తప్పేమీ లేదు. కానీ అది ఖరీఫ్ కాలం. నాటు వేసి, పైపాటుకు యూరియా కోసం సొసైటీ దగ్గర వరసలో నిలబడ్డ రైతు జేబులో పాత ధరకు సరిపడా డబ్బే ఉంటుంది. సొంత పార్టీ ఎంపీలే మంత్రి మీద విరుచుకుపడ్డారు. ఆయన విన్నారు. ఆగస్టులో పెంపును 30 శాతానికి దించారు. సన్నకారు, చిన్నకారు రైతులకు పాత ధరే ఉంచుతామన్నారు.

సంస్కరణ అక్కడే నీరుగారిందని కొందరు ఆర్థికవేత్తలు ఇప్పటికీ అంటారు. మేమలా అనుకోం. లెక్క సరిగ్గా వేయడం ఆయనకు ముందే వచ్చు. ఆ లెక్క ఎవరి మీద పడుతుందో విని, మూడు వారాలు తిరక్కుండానే దాన్ని సవరించుకున్నారు చూశారా, ఆయన్ను మంత్రిగా గౌరవించాలనిపించేది అందుకే.

ఆ తగ్గడానికైనా, తగ్గకుండా నిలబడ్డ మిగతా వాటికైనా అండగా ఉన్నది పీవీ. పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకుని, ఆ బడ్జెట్ రోజునే చాలా పరిశ్రమలకు లైసెన్సుల బెడద తీసేశారు. సంఖ్యాబలం చాలని ప్రభుత్వం అది. వంగర మనిషి పీవీ సభను కాచుకోకపోతే పంజాబ్ మాస్టారి బడ్జెట్ కాగితాల మీదే ఉండిపోయేది. ఇద్దరిలో ఎవరు గొప్పన్న తగువు ఏటా జూలై రాగానే మొదలవుతుంది. ఆ తగువు పెట్టుకునేవాళ్లలో ఎందరికి ఆ యూరియా వరస గుర్తుందో!

1991లో మనం అప్పు కోసం అంతర్జాతీయ ద్రవ్యనిధి గుమ్మం కూడా ఎక్కాం. ఆ నిధి 2009లో తన బంగారం అమ్మకానికి పెడితే, నవంబరులో 200 టన్నులు మన రిజర్వు బ్యాంకు కొన్నది. సుమారు 670 కోట్ల డాలర్లు చెల్లించింది. అప్పుడు బ్యాంకు గవర్నరు మన దువ్వూరి సుబ్బారావు. ప్రధాని మన్మోహన్‌సింగ్.