బిగిసినంత మాత్రాన సరిపోయినట్టేనా?

మన మదనపల్లె టమోటా మార్కెట్టుకు వచ్చే బండ్లలో పాత మారుతీ ఓమ్నీలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయింది. ఇంజన్ పోయిన బండికి వేరే బండి నుంచి విప్పిన ఇంజన్ వేయిస్తారు. అందులో తప్పేమీ లేదు. కొత్త బండి కొనే స్తోమత రైతుకెక్కడిది? నా తగాదా అంతా "బోల్టులు కూర్చున్నాయి గదన్నా, ఇంకేం" అనే మాటతోనే.

కార్బ్యురేటర్ కాలంలో ఆ మాట చెల్లింది. ఐడ్లింగ్ కుదరకపోతే స్క్రూ అరచుట్టు తిప్పితే సరి. ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజన్ సంగతి వేరు. యాక్సిలరేటర్ వదలగానే థ్రాటిల్ రేకు దాదాపు మూసుకుంటుంది. ఇంజన్ ఆరిపోకుండా కావలసిన గాలి పక్కదారిన వెళ్లాలి. ఆ దారిని కంప్యూటర్ ఆజ్ఞ ప్రకారం తెరిచి మూసేదే ఐడిల్ వాల్వు. కొన్నింట అది స్టెప్పర్ మోటారు: రెండు చుట్టలు, సాధారణంగా నాలుగు తీగలు, మొన అంచెలంచెలుగా జరుగుతుంది. కొన్నింట సోలెనాయిడ్: రెండో మూడో తీగలు, కరెంటు సెకనుకు ఎన్నోసార్లు వచ్చి పోతుంటుంది. ఒకదాని భాష రెండవదానికి తెలియదు. తీగలు లెక్కపెట్టడానికి డిగ్రీ అక్కరలేదు.

రకం ఒకటే అయినా చుట్ట నిరోధం చూడాలి. 12 వోల్టుల వద్ద 50 ఓముల చుట్ట 0.24 ఆంపియర్లు తీసుకుంటుంది. 10 ఓములదైతే 1.2. మొదటిదానికని చేసిన కంప్యూటర్ రెండవదాన్ని మోయలేక కాలిపోవచ్చు. పుంగనూరు ఆవు మెడకు ఒంగోలు గిత్త కాడి కట్టినట్లు!

మా బండికి ఒక షెడ్డులో (పేరు అనవసరం) పాత ఇంజన్ వేశారు. పుంగనూరు నుంచి కుప్పం పోయి వచ్చేలోపల, కాలు తీసిన చోటల్లా ఆగిపోయింది. షెడ్డాయన థ్రాటిల్ స్టాప్ స్క్రూ బిగించి, రేకును కొంచెం తెరిచి పెట్టేసినాడు. ఆగడమైతే మానింది. కానీ కాలు తీసినా బండి లాగుతానే ఉంటుంది. రేకు మూసుకోలేదు గనుక దిగుడులో కూడా పెట్రోలు ఆగదు. భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు మా నాయన బ్రేకు మీది నుంచి కాలు తీయలేదు. టమోటా రేటు పడిపోయిన రోజుల్లో, వృథాగా కాలే ఆ పెట్రోలు కూడా ఆయన లెక్కలోదే.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంజన్ మారిస్తే ఆర్.టి.ఓ. అనుమతి కావాలి. మంచిదే. అయితే ఆర్.సి.లో నంబరు మారితే ఐడ్లింగ్ కుదరదు గదా! ఇంజన్ అమ్మేవారు థ్రాటిల్ బాడీ, వాల్వు, వైరింగు, కంప్యూటర్ ఒకే సెట్టుగా ఇవ్వాలి, వాటి నంబర్లు రసీదులో వ్రాయాలి. కొనేవాడు అడగనిదే ఎవరూ వ్రాయరు. అడగడానికి వాడికి తెలియాలి.

ఓమ్ సూత్రం మనం పరీక్షకు వ్రాసి వదిలేస్తున్నాము. వచ్చే ఏడు సంఘం వారు బ్యానర్ల ఖర్చులో కొంత తగ్గించి ఒక పాత థ్రాటిల్ బాడీ కొనిపెడితే, దానికి మల్టీమీటర్ పెట్టి బండ్లున్న రైతులకు చూపించడానికి మా తరగతిలో నలుగురం సిద్ధంగా ఉన్నాము.