జీతం ఇంగ్లిషుకి... జీవితం స్పానిష్‌లో!

స్పెయిన్ వెళ్ళి స్పానిష్ నేర్చుకోవాలని ఉంది. చేతిలో అంత డబ్బు లేదు. ఏం చెయ్యాలి? అక్కడి బడిలో పిల్లలతో ఇంగ్లిషు మాట్లాడండి చాలు, నెలనెలా మేమే డబ్బిస్తాం అంటోంది స్పెయిన్ విద్యాశాఖ! వినడానికి గమ్మత్తుగా ఉన్నా ఇది ఏటా జరిగే తంతే. ఆ పనిలో చేరేవాళ్ళని అక్కడ ‘ఔక్సిలియార్’ అంటారు. మనం భాషా సహాయకులు అనుకుందాం.

ఈ పద్ధతి నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాలు 1905లోనే ఇలా కుర్రకారుని ఒకరి బళ్ళకి ఒకరు పంపుకోవడం మొదలుపెట్టాయి. ఇంగ్లిషు కోసం స్పెయిన్ పడుతున్న ఆరాటమూ తక్కువేం కాదు. 1996లో అక్కడి విద్యాశాఖ బ్రిటిష్ కౌన్సిల్‌తో ఒప్పందం చేసుకుని కొన్ని సర్కారు బళ్ళలో రెండు భాషల చదువు తెచ్చింది. మాడ్రిడ్ ప్రాంతం 2004లో 26 ప్రాథమిక పాఠశాలలతో తనదైన కార్యక్రమం ప్రారంభించింది. సైన్సు లాంటి పాఠాలూ ఇంగ్లిషులోనే! మరి ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్ళు నలుగురు పిల్లల మధ్య తిరుగుతుంటే బాగుంటుంది కదా.

పని మరీ కష్టమైందేం కాదు. సాధారణంగా అక్టోబరు నుంచి మే నెల దాకా. వారానికి ఎన్ని గంటలు, నెలకి ఎంత డబ్బు అన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. పాఠం బాధ్యత టీచరుదే. సహాయకులు పక్కన ఉండి పిల్లలతో మాట్లాడించాలి, ఆటలాడించాలి, తమ దేశపు పండగల గురించి చెప్పాలి. అమెరికా, కెనడా పౌరులకి ఇందులో ప్రత్యేక విభాగమే ఉంది. అంటే అక్కడ పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలూ దరఖాస్తు పెట్టుకోవచ్చన్నమాట.

ఇంతవరకూ బాగానే ఉంది. తిరకాసంతా ఇక్కడే!

బడిలో స్పానిష్ మాట్లాడకూడదు. చాలాచోట్ల ‘నీకు స్పానిష్ వచ్చని పిల్లలకి తెలియనివ్వకు’ అని ముందే చెబుతారు. తెలిస్తే వాళ్ళు ఇంగ్లిషు జోలికి పోరు మరి. బడి వదిలాక? తోటి సహాయకులందరూ ఇంగ్లిషువాళ్ళే. వాళ్ళతోనే గది, వాళ్ళతోనే షికార్లు. ఇలా ఎనిమిది నెలలు గడిపి, ఒక కాఫీ, బిల్లు అడగడం మించి స్పానిష్ రాకుండా ఇల్లు చేరేవాళ్ళూ ఉంటారు. చెరువు గట్టున కాపురం పెట్టి ఈత రానట్టు!

మరి భాష ఎక్కడ పట్టుబడుతుంది? అవసరం పడ్డచోట. అద్దెకి గది చూసుకోవాలి, పురపాలక కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి, విదేశీయుల గుర్తింపు కార్డుకి వేలిముద్రలివ్వాలి. మొదటి నెల డబ్బు ఆలస్యమైతే ఎవర్నడగాలో తెలుసుకోవాలి. మధ్యాహ్నం రెండింటికి మూసిన చిన్న కొట్టు అయిదింటికి గానీ తెరవరని తెలియక గుమ్మం ముందు నిలబడాలి. జలుబు చేసిందని మందుల షాపుకి వెళితే అక్కడ ‘కాన్‌స్తిపాదో’ అంటారు. ఇంగ్లిషు చెవికి అది మలబద్ధకంలా వినిపిస్తుంది! సిగ్గేసిందని చెప్పబోయి ఇంగ్లిషు మాటని సాగదీసి ‘ఎంబరాసాదా’ అంటే గర్భవతినని అర్థం. అప్పుడు సిగ్గు రెట్టింపు!

అందుకే డబ్బు ఎక్కువిచ్చే మాడ్రిడ్‌కన్నా ఇంగ్లిషు వినపడని చిన్న ఊరే మేలంటారు అనుభవజ్ఞులు. ఖర్చూ కలిసొస్తుంది. అయితే ప్రాంతం ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. గలీసియాలో గలీసియన్, బాస్క్ ప్రాంతంలో బాస్క్, వలెన్సియాలో వలెన్సియన్ కూడా అధికార భాషలే. బళ్ళలో అవీ వినిపిస్తాయి. దక్షిణాన ఆండలూసియాలో మాట చివరి ‘స’ని మింగేస్తారు. పుస్తకంలో నేర్చుకున్న ‘బ్వేనోస్ దియాస్’ అక్కడ ‘బ్వేనో దియా’ అయిపోతుంది. రాయలసీమ యాస మొదటిసారి విన్న కోస్తావాళ్ళలా కొన్నాళ్ళు చెవులు రిక్కించాలి.

తెలుగు వచ్చినవాళ్ళకి మాత్రం ఇందులో కాస్త వెసులుబాటు. ‘నాకు కాఫీ ఇష్టం’ అంటాం కదా, స్పానిష్‌లోనూ వరస అదే: ‘మె గుస్తా’, నాకు ఇష్టం. ‘మాట్లాడతాను, మాట్లాడతావు’ అన్నప్పుడు నేను, నువ్వు అని వేరే చెప్పనక్కర్లేదు. క్రియ తోకే చెప్పేస్తుంది. ‘ఆబ్లో, ఆబ్లాస్’ కూడా అంతే. మనకి నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్ళకి ‘తూ’, ‘ఉస్తెద్’ ఉన్నాయి. కాకపోతే అక్కడి పిల్లలు టీచర్ని పేరుపెట్టి ‘నువ్వు’ అంటారు. తెలుగింట పెరిగినవాళ్ళకి అది మింగుడుపడటానికి సమయం పడుతుంది.

ఇంకో మాట. పొద్దున్న క్లాసులో ఇంగ్లిషు దొరలా తిరిగిన మనిషి, సాయంత్రం కూరగాయల కొట్లో పసిపిల్లాడిలా తడబడతాడు. వెనకనున్నవాళ్ళు ఎదురుచూస్తుంటారు, కావలసిన మాట నాలుకమీదకి రాదు. ఆ ఇబ్బంది పడ్డవాడికే మర్నాడు క్లాసులో నోరు మెదపని కుర్రాడి సంగతి అర్థమవుతుంది. వాడికి ఇంగ్లిషు రాక కాదు, నలుగురూ నవ్వుతారని భయం. వాడి పక్కన కూర్చుని తప్పైనా సరే మాట్లాడించేవాడే మంచి సహాయకుడు.

ఇది తెలుసుకోవడానికి స్పెయిన్ దాకా వెళ్ళక్కర్లేదు. మన ఇళ్ళలోనూ ఇంగ్లిషు మీడియంలో చేరి మౌనంగా ఉండిపోయే పిల్లలు ఎందరో! ఓ కొత్త భాషలో పది వాక్యాలు నేర్చుకుని వాళ్ళ ముందే తప్పులు మాట్లాడి చూడండి. మొదట నవ్వుతారు. తర్వాత వాళ్ళూ నోరు విప్పుతారు.