లేని కాగితం కంటే దొంగ కాగితమే చేటు

హైదరాబాద్‌ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు స్టూడెంట్‌ వీసా ఇంటర్వ్యూ కోసం వెళ్లే పిల్లల ఫైళ్లు చూస్తే భూమి తగాదా మీద కోర్టుకు వెళ్తున్నారేమో అనిపిస్తుంది. తాతగారి పొలం దస్తావేజు నుంచి చార్టర్డ్‌ అకౌంటెంట్‌ ఇచ్చిన ఆస్తుల లెక్క దాకా అన్నీ అందులో ఉంటాయి. కిటికీ అవతలి అధికారి వాటిలో చాలావాటిని అడగనే అడగరు. రెండు మూడు నిమిషాల మాటల్లోనే చాలావరకు తేలిపోతుంది. ఇంత మోసుకెళ్లీ, యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం ఐ-20 మీద సంతకం చేయడం మరిచేవాళ్లూ ఉంటారు.

అడిగిన కాగితం లేకపోతే ఏం చేయాలి? లేదని చెప్పాలి. ఎప్పటికి తేగలరో చెప్పాలి. అమెరికా వలస చట్టంలో ఇందుకోసమే సెక్షన్‌ 221(జి) ఉంది. కొరవడిన పత్రాన్ని ఏడాదిలోగా సమర్పిస్తే అదే దరఖాస్తును మళ్లీ పరిశీలిస్తారు, కొత్తగా ఫీజు కట్టనక్కర్లేదు. చదువు ముగించి తిరిగొస్తారన్న నమ్మకం అధికారికి కలగనప్పుడు వాడే 214(బి) సంగతి వేరు. దానిపై అప్పీలు లేదు, 185 డాలర్ల దరఖాస్తు ఫీజు మళ్లీ కట్టి మొదటి నుంచీ మొదలుపెట్టాల్సిందే.

ఈ తేడా మన కన్సల్టెన్సీల్లో కొన్నింటికి తెలియక కాదు. కాగితం లేదంటే వీసా పోయినట్టేనని తల్లిదండ్రులను హడలగొడితేనే వాళ్ల వ్యాపారం సాగుతుంది. నాలుగు రోజులకు వడ్డీకి తెచ్చి ఖాతాలో చూపించే నిల్వలు, చేయని ఉద్యోగానికి అనుభవ పత్రాలు పుట్టుకొచ్చేది అక్కడే. వీసా కోసం కీలకమైన విషయంలో అబద్ధమాడినట్టు తేలితే పడేది జీవితకాలపు అనర్హత. లేని కాగితానికి ఏడాది గడువిచ్చిన చట్టమే దొంగ కాగితానికి తలుపు మూసేస్తుంది. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి: 221(జి) కూడా సాంకేతికంగా తిరస్కరణే. తర్వాత ఎప్పుడైనా వీసా దరఖాస్తు ఫారం డీఎస్‌-160 నింపేటప్పుడు, గతంలో వీసా నిరాకరించారా అన్న ప్రశ్నకు అవుననే రాయాలి. దాచిపెడితేనే అసలు చిక్కు.

అయితే తప్పంతా ఇవతలివాళ్ల మీదే నెట్టడం న్యాయం కాదు. తక్కువైన పత్రానికీ, అదనపు పరిశీలన కోసం ఆపేసిన కేసుకూ వాడేది ఒకే 221(జి). మొదటిదైతే తెచ్చిచ్చే పని దరఖాస్తుదారుడి చేతిలో ఉంది. రెండోదాంట్లో అతను చేయగలిగేది దాదాపు ఏమీ లేదు, ఎన్నాళ్లు పడుతుందో చెప్పేవారూ ఉండరు. ఈలోగా ఐ-20లోని చేరిక తేదీ ముంచుకొస్తుంది. యూనివర్సిటీకి రాసి తర్వాతి సెమిస్టర్‌కు వాయిదా అడగాలా, విమానం టికెట్‌ కొనాలా అన్నది తేల్చుకోవడానికైనా ఆ కుటుంబానికి ఒక ఉజ్జాయింపు గడువు కావాలి. అంత సాయం కాన్సులేట్‌ చేయలేనిదేమీ కాదు.