‘జిద్దీ బచ్చా’ అనే ఠప్పా

మూడేళ్ల పిల్ల బూట్లు వేసుకోనని నేల మీద పడి ఏడిస్తే మన ఇళ్లల్లో మూడు ఫైసలాలు రెడీగా ఉంటాయి. దాదీ ‘నజర్ తగిలింది’ అంటుంది. అబ్బా ‘రెండు తగిలిస్తే సీదా అవుతుంది’ అంటాడు. పక్కింటి ఖాలా ‘తల్లి నౌకరీకి పోతే తర్బియత్ ఎవరు చేస్తారు’ అంటుంది. ముగ్గురిలో ఒక్కరూ పిల్లను చూడలేదు.

ఆ పిల్ల రోజు ఎట్లా గడుస్తుందో చూడండి. ఇల్లు టోలిచౌకిలోనో హఫీజ్‌పేటలోనో. అమ్మీ మాదాపూర్‌లో కంపెనీకి, అబ్బా గచ్చిబౌలిలో క్యాబ్ మీద. కొన్ని ఇళ్లల్లో ఇద్దరూ కంప్యూటర్ల ముందే. అమెరికా ఘడీకి పనిచేసే ఇంట్లో లైటు ఆరేది అర్ధరాత్రి. పొద్దున కళ్లు తెరవని పిల్లను వ్యాన్‌లో పడేస్తాం. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని, కూర్చుని తెర చూడటం గంటకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన దగ్గర హిసాబ్ ఉల్టా.

పైగా జుబాన్ గొడవ. ఇంట్లో ‘పానీ హోనా’ అన్న పిల్లను ప్లేస్కూల్‌లో ‘ఇంగ్లీషులో అడుగు’ అంటారు. దాహం వేస్తోందని చెప్పే హక్కు కూడా పోయాక మిగిలేది ఏడుపే. గుస్సాను అణుచుకునే తాకత్ ఆ వయసు మెదడుకు ఇంకా రాలేదు. అది బేఅదబీ కాదు, బేబసీ.

దీన్ పేరు చెప్పి చెయ్యెత్తే వాళ్లకో మాట. నమాజ్ గురించి పదేళ్ల పిల్లల విషయంలో వచ్చిన హదీస్‌ను మూడేళ్ల పిల్ల బూట్లకు తగిలిస్తారేం? ఏడేళ్లు వచ్చేదాకా నమాజ్ చదవమని చెప్పే హుకుం కూడా లేదు కదా! పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లికి తక్లీఫ్ అవుతుందని రసూలుల్లాహ్ (స) నమాజునే కుదించేవారని బుఖారీ షరీఫ్‌లో ఉంది. మనవరాలు ఉమామాను ఎత్తుకునే నమాజ్ చదివించారు. పదిమంది పిల్లల్లో ఒక్కరినీ ముద్దాడలేదన్న అఖ్రా బిన్ హాబిస్‌కు, రహం చూపని వాడికి రహం దొరకదని జవాబిచ్చారు. మరి మస్జిద్‌లో పిల్ల ఏడవగానే వెనక్కి తిరిగి కళ్లెర్రజేసే బుజుర్గులు ఎవరి సున్నత్ పాటిస్తున్నట్టు?

అమ్మీని తానా మారే వాళ్లు ఇంకొకటి వినండి. 50 మంది, అంతకుమించి పనిచేసే చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసిరావచ్చని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. ఆమెను నిందించే నోటితో కంపెనీని అడగండి. తర్బియత్ అమ్మీ ఒక్కదాని డ్యూటీ అని ఏ నికాహ్‌నామాలో రాసి ఉంది?

నజర్ హఖ్, దువా చదవండి. చెవినొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట కూడా హఖ్. నిన్నటిదాకా నవ్విన బచ్చా హఠాత్తుగా ఏడుపుకు దిగితే ముందు ఒళ్లు చూడండి. తర్వాత ఇంట్లో ఏం మారిందో చూడండి: కొత్త తమ్ముడు, కొత్త స్కూలు, ఇల్లు మారడం. ఊపిరి బిగబట్టి స్పృహ తప్పినా, వచ్చిన మాటలు పోయినా, తనను తాను గాయపరుచుకున్నా మిర్చీ తిప్పుతూ కూర్చోవద్దు. పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి, మనకు నిలోఫర్ దవాఖానా ఉంది.

మామూలు జిద్ద్ అయితే చేయాల్సింది తక్కువే. దెబ్బ తగిలే వస్తువులు పక్కకు జరిపి, పిల్ల పక్కన కింద కూర్చోండి. ‘గుస్సా ఆయా? నీంద్ ఆరై?’ అని దాని జుబాన్‌లోనే అడగండి. లంబా తఖ్రీర్ వద్దు. వద్దన్నది ఏడ్చినందుకు ఇవ్వకండి, ఏడ్చినందుకు కొట్టకండి. ఫోన్ చేతిలో పెట్టడమూ దెబ్బ లాంటిదే. నోరు మూయిస్తుంది, ఏమీ నేర్పదు. ఏడుపు తగ్గాక ఒళ్లోకి తీసుకోండి.

ఇవి చేయడానికి కావాల్సింది కాసేపు సబర్. మూడేళ్ల పిల్లను సబర్ లేదని కొట్టే అబ్బాకు ముప్ఫై ఐదేళ్లు. ముందు ఎవరు నేర్చుకోవాలి?