దొరగారి పిస్తోలు, ఆడబిడ్డ పాలు

గద్వాల, వనపర్తి, నాగరకర్నూలు ప్రాంతములలో పాత యిల్లు పంచుకొనునప్పుడు మూడు వస్తువుల చుట్టు కథలు పుట్టుట మేమెరుగుదుము. ఒకటి తాటాకుల కట్ట, రెండవది సంస్థానమువారి సన్నదు, మూడవది తుపాకి. తాటాకులను చదువువారు లేక చెదలకు వదలుదురు. సన్నదు కచ్చేరీల చుట్టు తిరిగి నలిగిపోవును. తుపాకి మాత్రము గోడమీద మిగులును. దానికి నోరు లేదు గనుక ఇంటివారు చెప్పినదే దాని చరిత్రము.

ఇటీవల ఒక మిత్రుని యింటి పంపకమునకు సాక్షులుగా మమ్ము పిలిచిరి. అన్నదమ్ములు ముగ్గురు, ఆడబిడ్డ ఒకతె. కలహమేమియు లేదు. భూమి నంతయు అన్నదమ్ములు మూడు భాగములు చేసికొనిరి. ఆడబిడ్డకు 'ముత్తాతగారి రివాల్వరు' వ్రాసి, దాని వెల తొమ్మిది లక్షలని వేసి, ఆమె హక్కు వదలుకొన్నట్లు విడుదల పత్రమును సిద్ధము చేసి పెట్టిరి. ముత్తాతగారు వనపర్తి రాజావారి గుర్రపుదళములో కొలువు చేసెనట. రాజావారు మెచ్చి ఆ పిస్తోలును బహూకరించిరట. పెద్దన్నగారి కుమారుడు తన చేతి ఫోనులో అమెరికా వేలము ధర యొకటి చూపి, డాలర్లను రూపాయలలోనికి మార్చి, తొమ్మిది లక్షలన్నది తక్కువయే యనెను.

ఆడబిడ్డ అడిగినది ఒక్కటే మాట. "అన్నా, దీన్ని నేనేం జేసుకోవాలె?"

"అమ్ముకోరాదమ్మా, మాకన్న నీకే ఎక్కువ ముట్టింది" అని పెద్దన్నగారు సెలవిచ్చిరి.

మేము ఆయుధవిద్యలో పండితులము కాము. అయినను సాక్షి సంతకము పెట్టువానికి తాను దేనికి సాక్షియో చూచుకొను హక్కు కలదు. చూపింపుడనగా ఇంట కలవరము పుట్టెను. ఆడవారు దానిని ముట్టరాదట. ఏటేట దసరానాడు మగవారే దింపి, పసుపు కుంకుమ లద్ది, మరల గోడ కెక్కింతురట. గద్వాల చీర కొనునప్పుడు అంచును ఒడలితో కలిపిన చోటు వ్రేలితో తడవి, జరీని వెలుతురునకు త్రిప్పి చూచి గాని రూకలియ్యని స్త్రీలు, తమ పాలికి వచ్చిన సొత్తును ముట్టి చూడకుండుట మర్యాదయట! ఈ మర్యాద యెవరికి లాభమో వేరుగ చెప్పనక్కరలేదు.

తెలియని తుపాకిని ఇంటిలో విప్పుట, దాని గొట్టములోనికి కన్ను పెట్టుట, మందు వేసి పరీక్షించుట మూఢత్వము. కావున లైసెన్సు గల ఆయుధ వ్యాపారి నొకరిని పిలిపించి, అది నిండి యుండలేదని మొదట తేల్చుకొంటిమి. తరువాత జరిగిన పరీక్ష చాల చిన్నది. ఒక అయస్కాంతమును తెచ్చితిమి. అది మరలకు అంటెను గాని, గొట్టమునకు, తిరుగు గుండుగొట్టమునకు అంటలేదు. మందు ప్రేలుడును ఓర్చుకొనవలసిన ఆ రెండును ఇనుముతో నుండవలెను. మీటచుట్టు కట్టు మాత్రము ఇత్తడిదైన కావచ్చును. గొట్టము క్రింద అచ్చులో పోసిన గీత కనబడెను. గొట్టపు రంధ్రము అంగుళము లోపలనే మూసికొని పోయెను. పిడి మీది కుంకుమను తడిగుడ్డతో తుడువగా, ఏండ్ల పూజ క్రింద, స్పెయిన్ దేశమున చేయబడినదను ఆంగ్లాక్షరములు బయటపడెను.

అది అలంకారార్థము జింకు మిశ్రమముతో పోసిన బొమ్మ. ఇట్టివి గత శతాబ్దపు ఉత్తరార్ధమునుండి స్పెయిన్ మొదలగు దేశములలో వేలకొలదిగ తయారై అంగళ్లలో అమ్ముడుపోవుచున్నవి.

కథ మాత్రము అసంభవమైనది కాదు. శామ్యూల్ కోల్ట్ తన రివాల్వరునకు 1836లో అమెరికా పేటెంటు పొందెను. 1853లో లండనులో కర్మాగారము తెరచెను. ఆయన 'నేవీ' నమూనా 1850 ప్రాంతము మొదలు 1873 వరకు తయారయ్యెను. దాని గుండుగొట్టముపై 1843 మే 16 నాటి నౌకాయుద్ధ చిత్రము చెక్కబడియుండును. ఆ కాలముననే వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావు సైన్యమును పెంచుకొనెను. ఆయన కొలువులోని ఆఫ్రికా అంగరక్షకుల దళము తరువాత నిజాము సేనలో చేరగా, వారి పేరనే హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ పేట నిలిచెను. అట్టి కొలువులో ఒక రౌతునకు పిస్తోలు బహుమానముగ దొరకియుండవచ్చును. ఆ పిస్తోలు ఇది మాత్రము కాదు. కథ నమ్మదగినదగుట చేతనే వస్తువు నెవరును పరీక్షింపలేదు.

నకళ్లన్నియు ఒక్క తీరువి కావని పాఠకులు గమనింపవలెను. కోల్టు కాలముననే బెల్జియములోని లియేజ్ నగరమున దాని నమూనాను అనుకరించి చేసిరి; అండాకారపు గీతలో ఇ.ఎల్.జి. అను గుర్తు వానికి ఆనవాలు. అవి నకళ్లే యైనను నేడవియు పురాతనములే. వాయవ్య సరిహద్దు కొండలలోని కమ్మరులు చేసిన నకళ్లపై అక్షరములు తలక్రిందుగ నుండుటయు, 1901లో గతించిన విక్టోరియా రాణి ముద్ర తరువాతి సంవత్సరముల ప్రక్కన నుండుటయు కలదు. 1958 ప్రాంతము మొదలు ఇటలీలోని గార్డోనె లోయలో పేల్చగల నకళ్లు చేయుచున్నారు. అక్కడి ప్రభుత్వ పరీక్షాశాల వానిపై పరీక్షా సంవత్సరమును మొదట రోమను అంకెలలోను, 1975 మొదలు రెండక్షరముల గుర్తుతోను పొడుచును. ఆ గుర్తు చదివినచో ముత్తాతగారి కథ ఒక నిమిషములో తేలిపోవును. పేలునది నకలైనను మన 1959 ఆయుధ చట్టము దృష్టిలో తుపాకియే. లైసెన్సు లేక ఇంటిలో నుంచుకొనరాదు. లైసెన్సుదారుడు గతించినచో వారసులు దానిని పోలీసు ఠాణాలో గాని, లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని అప్పగించి, తమ పేర అనుమతి కోరవలెను. బాగుచేసినను పేలని పాత ఆయుధమునకు ఆ చట్టపు 45వ సెక్షను మినహాయింపు నిచ్చును. పేలదని తేల్చుట మాత్రము ఇంటివారి నోటిమాటతో సరిపోదు. బొమ్మను తుపాకిగ మార్చుట లైసెన్సు లేనివారికి నేరము.

ఇక వెల సంగతి. అది అసలు కోల్టే యైనను తొమ్మిది లక్షల లెక్క నిలువదు. నూరేండ్లు దాటిన కళావస్తువులను, చారిత్రక వస్తువులను విదేశములకు పంపుటను 1972 పురావస్తు చట్టము నిషేధించినది. ఇక్కడ వానితో వ్యాపారము చేయుటకు లైసెన్సు కావలెను. కొనువాడు అమెరికాలో, వస్తువు గద్వాలలో, నడుమ చట్టము! ఆ వేలపు ధర మనకేల? స్పెయిన్ బొమ్మ వెలయో, కొత్తదైనను కొలది వేల రూపాయలు. ఒక యెకరపు గట్టు కూడ దానికి రాదు.

మమ్ము కొందరు నిష్ఠురముగ ఆడిరి. తెలియక చేసిన పొరపాటును రచ్చ కీడ్చుట యేల యనిరి. పొరపాటే యగుగాక. ఆ పొరపాటు ఒక్క తమ్ముని పాలికైన రాక ఆడబిడ్డ పాలికే వచ్చుట యెట్లు? తొమ్మిది లక్షల సొత్తని నమ్మినవారిలో ఒక్కడైన దానిని తాను తీసికొని పొలము నామె కిచ్చెదననెనా? పెండ్లినాడు బంగారము పెట్టితిమి గదా యనువారికిని మా సమాధానమిదియే: ఆనాడు పెట్టినది కానుక, ఈనాడు అడుగునది హక్కు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు వాటా నిచ్చు సవరణ ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చెను, అవివాహితలకు మాత్రమే యైనను. 2005 సెప్టెంబరు 9 నుండి ఆ హద్దును తొలగి దేశమంతట కుమార్తె కుమారునితో సమానురాలయ్యెను. ఆ హక్కు జన్మతో వచ్చునదనియు, 2005 నాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదనియు సుప్రీము కోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పెను. ఇంత చట్టమును ఒక విడుదల పత్రముతో, ఒక జింకు బొమ్మతో దాటవచ్చునని తలచుట తెలియనితనము కాదు.

సంస్థాన గౌరవము, సంస్థాన గౌరవమని పలుమారు వింటిమి. 1949లో సంస్థానములు రద్దగువరకు గద్వాలను పాలించినది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. స్త్రీ యేలిన గడ్డ యిది. ఆమె పేర కోటలోనే కళాశాల వెలసెను. వనపర్తి రాజప్రాసాదములో పాలిటెక్నిక్ నడచుచున్నది. రాజుల గోడలు చదువునకు తెరువగా, కొలువు చేసినవారి మనుమలు గోడమీది మేకును పట్టుకొని వ్రేలాడుచున్నారు.

ఆ బొమ్మ ఆ యింటి కెట్లు చేరెనో మాకు చివరి వరకు తెలియలేదు. వాదము సద్దుమణగిన పిమ్మట, వంటయింటి గడపలో కూర్చున్న ఎనుబదేండ్ల మేనత్తగారు, "అది మీ చిన్నాయన బొంబాయి నుంచి పట్టుకొచ్చిండు. నేను బువ్వ పెడుతుంటె మూట విప్పి చూపిచ్చిండు" అనిరి. ఇన్నాళ్లు చెప్పరైతిరేమని పెద్దన్నగారు గద్దించిరి.

"నన్నెవరడిగిండ్రు?" అని ఆమె లేచి పోయిరి.

విడుదల పత్రముపై ఆడబిడ్డ సంతకము చేయలేదు, మేమును చేయలేదు. పెద్దన్నగారు మాతో మాటలాడుట మానిరి. చిన్న తమ్ముడు మాత్రము మరునాడు వచ్చి, నాలుగు భాగములకు భూమి కొలువ సర్వేయరు నెప్పుడు పిలువవలెనో మమ్ము అడిగిపోయెను.