అలసట చాటున గుండెపోటు: పుదుచ్చేరికి ఒక హెచ్చరిక

పుదుచ్చేరి పట్టణపు తీరంలోని సోలై నగర్ మత్స్యకారుల నివాస ప్రాంతం. తెల్లవారకముందే పడవ ఎక్కి, ఎండ ముదిరాక ఒడ్డు చేరేవారికి ఒళ్లు అలసిపోవడం, వలలు లాగిన ఛాతీ కండరాలు నొప్పిపెట్టడం కొత్త కాదు. అందువల్ల ఈ రెండు లక్షణాలనూ వ్యాధి సూచనలుగా గాక, శ్రమ ఫలితంగా భావించడం సహజం. అయితే ఆ భావనే ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయానికి దారితీస్తుంది.

ఇందుకు పుదుచ్చేరిలో ప్రత్యేక కారణం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన జాతీయ మధుమేహ అధ్యయనం ఫలితాలు 2023 జూన్‌లో వెలువడ్డాయి. దేశంలోని వయోజనులలో 11.4 శాతం మంది మధుమేహ పీడితులు కాగా, పుదుచ్చేరిలో ఆ నిష్పత్తి 26.3 శాతం. 26.4 శాతంతో గోవా మాత్రమే దీనికన్నా ముందుంది.

దీర్ఘకాలం అదుపు తప్పిన మధుమేహం రక్తనాళాలతో పాటు నరాలనూ దెబ్బతీస్తుంది. గుండె కండరానికి రక్తం అందనప్పుడు వెలువడవలసిన నొప్పి సంకేతం దానివల్ల మందగిస్తుంది. ఫలితంగా తీవ్రమైన నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. అకారణమైన నిస్సత్తువ, ఆయాసం, చల్లని చెమట, వికారం మాత్రమే పైకి కనిపిస్తాయి. మహిళలలో, వృద్ధులలో కూడా లక్షణాలు ఇలా అస్పష్టంగా ఉండే అవకాశం ఎక్కువ. వీటిని గ్యాస్ నొప్పిగా భావించి ఇంటి వైద్యంతో సరిపెట్టుకుంటే విలువైన సమయం చేజారుతుంది.

ప్రతి ఛాతీ నొప్పీ గుండెపోటు కాదన్నదీ నిజమే. జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నడం, పక్కటెముకల వద్ద వాపు, న్యుమోనియా, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ, తీవ్రమైన ఆందోళన కూడా నొప్పికి కారణాలు కావచ్చు. అలసట వెనుక రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలేమి, గుండె బలహీనత ఉండవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. రక్తహీనత తీవ్రమైతే గుండెపై భారం పెరిగి, నడిస్తేనే ఆయాసం, ఛాతీలో బరువు కలుగుతాయి.

ఈ కారణాలను ఇంటివద్ద వేరుచేయడం సాధ్యం కాదు. అందుకే ముందుగా గుండెపోటు కాదని నిర్ధారించుకొని, ఆ తర్వాతనే ఇతర కారణాలను అన్వేషించాలన్నది వైద్య నియమం. రోగి ఆసుపత్రి చేరిన 10 నిమిషాలలో ఈసీజీ తీయాలి. తొలి ఈసీజీ సాధారణంగా ఉన్నా, అనుమానం మిగిలితే ట్రోపోనిన్ రక్తపరీక్షను కొన్ని గంటల వ్యవధిలో మళ్లీ చేస్తారు. నొప్పి దవడకు, భుజానికి, ఎడమ చేతికి పాకినా, చెమటతో కూడిన ఆయాసం వచ్చినా స్వయంగా వాహనం నడపక 108కు ఫోన్ చేయడం శ్రేయస్కరం.

సోలై నగర్ వాసులకు జిప్మర్ వంటి ఉన్నత వైద్యసంస్థ పట్టణంలోనే ఉంది. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన తెలుగువారి యానాం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో, కాకినాడకు చేరువలో ఉంది. అక్కడ జిప్మర్ వైద్య సంప్రదింపుల కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన స్టెమి కార్యక్రమం కింద చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్ద ఆసుపత్రి నిపుణులు పరిశీలిస్తారు. అవసరమైతే రక్తపు గడ్డను కరిగించే ఖరీదైన ఇంజక్షన్‌ను అక్కడికక్కడే ఉచితంగా ఇస్తారు.

అయితే రోగి గడప దాటనిదే ఏ వ్యవస్థా అక్కరకు రాదు. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో రక్తపోటు, మధుమేహ పరీక్షలు అందుబాటులో ఉన్నాయి. తనకు మధుమేహం ఉందో లేదో తెలిసిన మనిషికి, తన అలసటను ఎప్పుడు అనుమానించాలో కూడా తెలుస్తుంది. నలుగురు వయోజనులలో ఒకరికి మధుమేహం ఉన్న ప్రాంతంలో ఆ అనుమానమే ప్రాణరక్షణకు తొలి మెట్టు.